ఒకే జట్టులో ఆడనివ్వండి

ఉదయం బడి గంట కొట్టగానే పిల్లలు వరసల్లో నిలబడి కుడిచెయ్యి ముందుకు చాచి ప్రతిజ్ఞ చేస్తారు. దేశంలో ఉన్నవాళ్లంతా తన తోబుట్టువులేనని ఒకటో తరగతి పిల్ల కూడా గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తుంది. దీన్ని రాసింది మనవాడే. నల్లగొండ జిల్లా అన్నెపర్తిలో పుట్టిన పైడిమర్రి వెంకట సుబ్బారావు, విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉన్న రోజుల్లో 1962లో తెలుగులో రాశారు. 1965 గణతంత్ర దినం నుంచి దేశమంతటా బడుల్లో అన్ని భాషల పిల్లలూ చెబుతున్నారు.

ప్రార్థన అయిపోతుంది. పిల్లలు తరగతి గదుల్లోకి వెళ్తారు. రెండో పీరియడ్ మధ్యలో ఆఫీసు గది నుంచి ఒక కాగితం వస్తుంది. టీచరు దాన్ని చదువుకుని, సుద్దముక్క బల్ల మీద పెట్టి, "స్కాలర్‌షిప్ వివరాలు పంపాలంట. ఎస్సీలు లేవండి" అంటారు. అయిదారుగురు లేస్తారు. ఒకడు సగం లేచి, బెంచీ మీద చెయ్యి ఆన్చి, కిందికి చూస్తూ నిలబడతాడు. "ఎస్టీలు ఎవర్రా?" వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి లేస్తుంది. కూర్చున్న నలభై మంది తలలు అటు తిరుగుతాయి. లెక్క రాసుకోవడం అయ్యాక పాఠం ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి మొదలవుతుంది. టీచరుకి చెడు ఉద్దేశం ఏ కోశానా ఉండదు. నాలుగు డబ్బులు ఆ పిల్లలకు టైముకి అందాలన్న తాపత్రయమే. అయినా తోబుట్టువుల్లో ఎవరు ఎవరో ఆ అయిదు నిమిషాల్లో తరగతి మొత్తానికి తేటతెల్లమైపోతుంది. పొద్దున చెప్పిన ప్రతిజ్ఞ నోటికి వచ్చి ఉంటుందేమో గాని, మనసులో నాటుకునేది మాత్రం ఇదే.

ఈ అయిదు నిమిషాల ఖరీదు ఎంతో కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో కొలిచి చూశారు. ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకు కాగితం మీద దారి వెతికే చిక్కుముడి బొమ్మలు ఇచ్చారు. ఎన్ని విప్పితే అన్ని డబ్బులు. కులం ఊసెత్తని గదిలో అగ్రకులాల పిల్లలూ, దళిత పిల్లలూ సరిసమానంగా విప్పారు. మరో గదిలో ఆట మొదలుపెట్టే ముందు ఒక్కొక్కరి పేరు, ఊరు, తండ్రి పేరు, తాత పేరు, కులం పైకి చదివారు. బొమ్మలు అవే, డబ్బులూ అవే. దళిత పిల్లలు విప్పిన బొమ్మల సంఖ్య బాగా పడిపోయింది. దళిత పిల్లల్ని విడిగా ఒక గదిలో కూర్చోబెట్టి ఆడించినప్పుడూ వాళ్లు వెనకబడ్డారు. 2006లో అచ్చయిన ఈ పరిశోధనకు ఉపాధ్యాయ శిక్షణ కాలేజీల్లో ఇవ్వాల్సినంత చోటు మనం ఇవ్వలేదు. పిల్లవాడి తెలివి ఒక వాక్యంతో తగ్గిపోతుందని తెలిస్తే ఏ టీచరూ ఆ వాక్యం అనరు.

ఇంత చెప్పేది ఎందుకంటే, బడుల్లో "అందరినీ కలుపుకొని పోవాలి" అన్న మాట ఎత్తగానే పెద్దలకు మొదట తట్టేది ఒక పాఠం, ఒక పోస్టరు, ఒక వ్యాసరచన పోటీ. నీతి పాఠాలకు మన దగ్గర ఎప్పుడూ కొరత లేదు. కొరతంతా ఏర్పాట్లలో ఉంది. ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారు, మంచినీళ్లు ఎవరు ఎక్కడ తాగుతారు, అన్నం ఎవరు వండుతారు, కబడ్డీ జట్టు ఎవరు ఎంచుతారు, హాజరు పట్టీలో పేర్లు ఏ వరసలో ఉంటాయి - పిల్లలు వీటి నుంచి నేర్చుకుంటారు. చెప్పిన పాఠానికీ చేసిన ఏర్పాటుకీ పొంతన లేకపోతే నెగ్గేది ఏర్పాటే.

అంబేడ్కర్ బడి జ్ఞాపకాల్లో ఏ మాస్టారి తిట్లూ ముందుకు రావు. ముందుకొచ్చేది ఒక గోనెపట్టా, ఒక నీళ్ల కుళాయి. సతారా బడిలో ఆయన కూర్చునే గోనెపట్టా ఇంటి నుంచి తెచ్చుకుని సాయంత్రం తిరిగి మోసుకుపోవాలి, బడి ఊడ్చేవాడు కూడా దాన్ని ముట్టడు కాబట్టి. కుళాయి తిప్పడానికి ప్యూను ఉండాలి. ప్యూను రాని రోజు దాహమే. ఆయన సతారా ప్రభుత్వ హైస్కూల్లో చేరిన నవంబరు 7ను మహారాష్ట్ర ఇప్పుడు విద్యార్థి దినంగా జరుపుతోంది. ఆ గోనెపట్టా ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు, ఏ చట్టంలోనూ లేదు. అది ఒక ఏర్పాటు, అంతే.

గోనెపట్టాలు పోయాయి. పళ్లేలు మిగిలాయి.

మధ్యాహ్న భోజనం వండేవాళ్ల నియామకాల్లో దళితులకు, గిరిజనులకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004లో చెప్పింది. ఆకలి తీర్చే పథకం అంటరానితనాన్ని కూడా కొంత తీరుస్తుందని ఆశ. 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని చంపావత్ జిల్లా సుఖీఢాంగ్ ప్రభుత్వ బడిలో దళిత వంటమనిషి చేరగానే అగ్రకులాల పిల్లలు తినడం మానేశారు. నియామకం నిబంధనల ప్రకారం జరగలేదంటూ ఆమెను తీసేశారు. ఆమె స్థానంలో అగ్రకుల మహిళ వచ్చింది. ఈసారి దళిత పిల్లలు తినం పొమ్మన్నారు. చివరికి మొదటి ఆమెనే మళ్లీ పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ పిల్లలకు సమానత్వం గురించి ఎవరు పాఠం చెప్పారో గాని, ఆ వారం బడి మొత్తానికి పాఠం చెప్పింది వాళ్లే. ఇలాంటివి వేరే రాష్ట్రాల్లోనే జరుగుతాయని తెలుగువాళ్లు గుండె మీద చెయ్యి వేసుకుని నిశ్చింతగా ఉండటానికి లేదు. ఎవరు ఎవరి పక్కన కూర్చుని తింటున్నారో మన బడి వరండాలో మధ్యాహ్నం పన్నెండున్నరకు ఒకసారి నిలబడి చూస్తే సరిపోతుంది.

మరి పిల్లల్ని కలిపి కూర్చోబెడితే ఏమవుతుంది? ప్రైవేటు బడులకు పిల్లల్ని పంపే తల్లిదండ్రుల భయమంతా ఇక్కడే. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వాలన్న దాని 12(1)(సి) సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2012లో సమర్థించింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సీట్లు నిండటం మొదలుకావడానికే దశాబ్దం పైన పట్టింది. "మా పిల్లల చదువు చెడుతుంది, భాష చెడుతుంది" అన్న మాట గేటు దగ్గర వినిపిస్తూనే ఉంటుంది.

ఈ భయానికి సమాధానం ఢిల్లీలో దొరికింది. ప్రభుత్వం చవగ్గా ఇచ్చిన స్థలాల్లో కట్టుకున్న అక్కడి ప్రైవేటు బడులు పేద పిల్లలకు కొన్ని సీట్లు ఉచితంగా ఇవ్వాలన్న షరతు 2007 నుంచి అమల్లో పడింది. ఆర్థికవేత్త గౌతమ్ రావు ఆ బడుల్లో డబ్బున్న ఇళ్ల పిల్లల్ని పరిశీలించారు. పేద సహాధ్యాయులు ఉన్న తరగతుల పిల్లలు డబ్బు పంచే ఆటల్లో ఎక్కువ ఉదారంగా పంచారు. సేవా కార్యక్రమాలకు ఎక్కువమంది ముందుకొచ్చారు. రిలే పందెంలో జట్టు ఎంచుకోమన్నప్పుడు అసలు రంగు బయటపడింది. తమకంటే పేదవాడు బాగా పరుగెత్తుతాడని కళ్లారా చూశాక కూడా కొందరు నెమ్మదిగా పరుగెత్తే తమలాంటి వాణ్నే ఎంచుకున్నారు. బహుమతి 50 రూపాయలైతే ఆ వివక్ష ఎక్కువ, 500 అయితే తక్కువ. పేద పిల్లలతో కలిసి చదివినవాళ్లలో అది ఇంకా తగ్గింది. చదువు సంగతి: హిందీ, లెక్కల మార్కులు తగ్గలేదు, ఇంగ్లీషు మార్కులు కొద్దిగా తగ్గాయి. బూతుమాటలు మాత్రం కొంచెం పెరిగాయి. 2019లో అచ్చయిన ఈ ఫలితాల్లో గేటు దగ్గరి తల్లిదండ్రుల మాటకూ ఆ మేరకు ఆధారం ఉంది, కాదనకూడదు. పదేళ్ల పిల్లాడు నాలుగు బూతులు బడిలో నేర్చుకోకపోతే సందు చివర నేర్చుకుంటాడు. పక్కవాణ్ని మనిషిగా చూడటం సందు చివర దొరకదు.

అయితే ఒక్క గదిలో కూర్చోబెట్టడంతో పని అయిపోయిందనుకుంటే పొరపాటు. దీనికి క్రికెట్టే సాక్ష్యం. 2017లో మ్యాట్ లో అనే పరిశోధకుడు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో క్రికెట్ లీగ్‌లు పెట్టారు. మొత్తం 1,261 మంది కుర్రాళ్ల మీద చేసిన పరిశోధన అది. కొన్ని జట్లలో అన్ని కులాలవాళ్లనూ కలిపారు, కొన్నింట్లో ఒకే కులంవాళ్లను ఉంచారు. ఎవరికి ఏ జట్టు, ఎవరితో మ్యాచ్ అన్నది చీటీలు తీసినట్టు తేల్చారు. లీగ్ ముగిశాక చూస్తే, వేరే కులాలవాళ్లతో ఒకే జట్టులో ఆడినవాళ్లకు ఆ కులాల్లో కొత్త స్నేహితులు ఏర్పడ్డారు. వేరే కులాలవాళ్లను ఎక్కువగా ప్రత్యర్థులుగా ఎదుర్కొన్నవాళ్లు మాత్రం ఇంకా దూరం జరిగారు. అదే మైదానం, అదే బంతి. కలిసి గెలవాలా, ఒకర్నొకరు ఓడించాలా అన్నదే తేడా.

మన బడుల్ని ఈ కళ్లతో చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఎందుకంటే తెలుగు రాష్ట్రాల్లో కార్పొరేట్ చదువు మొత్తం ప్రత్యర్థుల లీగే. ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ బ్యాచ్, పైన స్టార్ బ్యాచ్, ఆ పైన ఇంకేదో పేరున్న బ్యాచ్. మార్కులతో సెక్షన్ విడగొడతారు. వీకెండ్ టెస్టులో జారితే సోమవారం కింది సెక్షన్‌కు. పై సెక్షన్‌కు మంచి లెక్చరర్లు, కింది సెక్షన్‌కు నిన్న చేరిన కుర్ర లెక్చరర్లు. ఫ్లెక్సీ మీద ఎక్కేది పది ముఖాలు, మిగతా వెయ్యి ముఖాలు ఫీజుల పద్దులో ఉంటాయి. ఇక్కడ కులం పేరు ఎవరూ ఎత్తరు, పేదరికం పేరూ ఎత్తరు. కానీ స్నేహితుడి జారుడు తన ఎక్కుడు అని పన్నెండేళ్లకే అర్థమైన పిల్లవాడికి సాటివాణ్ని గౌరవించమని ఏ నీతి క్లాసులో చెబితే ఎక్కుతుంది? భిన్నత్వాన్ని గౌరవించడం గురించి ఇంత చర్చ జరుగుతున్నా ఈ సెక్షన్ల పద్ధతిని ఎవరూ వేలెత్తి చూపకపోవడం విడ్డూరం.

గది లోపలి అమరిక గురించి వేరే దక్షిణాది రాష్ట్రాల్లో కాస్త కదలిక వచ్చింది. వెనక బెంచీ పిల్లల కథతో 2024లో వచ్చిన మలయాళ సినిమా 'స్థానార్థి శ్రీకుట్టన్' చూసి కేరళలో కొన్ని బడులు బెంచీల్ని గోడల వెంట అర్ధచంద్రాకారంలో వేశాయి. వెనక బెంచీ అన్నదే లేకుండా పోయింది. పిల్లలు అరవై మంది ఉన్న గదిలో ఇది కుదరదనేది నిజమే, మెడలు నొప్పి పుడతాయన్న మాటా వచ్చింది. తమిళనాడులో కథ ఇంకా బరువైనది. 2023 ఆగస్టులో నాంగునేరిలో ఒక దళిత విద్యార్థినీ అతని చెల్లెల్నీ తోటి విద్యార్థులే ఇంటికొచ్చి కత్తులతో నరికారు. ఆ తర్వాత ప్రభుత్వం వేసిన జస్టిస్ కె. చంద్రు కమిటీ 2024 జూన్‌లో నివేదిక ఇచ్చింది. కులం రంగుల చేతిబ్యాండ్లు, ఉంగరాలు, నుదుటి గుర్తులు బడిలో వద్దంది. బడుల పేర్లలోంచి కులం తీసేయమంది. హాజరు పట్టీలో కులం గడి ఉండొద్దంది. పిల్లల్ని అక్షర క్రమంలో కూర్చోబెట్టమంది.

అక్షర క్రమం చెవికి చిన్న విషయంలా వినిపిస్తుంది. అక్షరానికి కులం తెలియదు, కాబట్టి పనిచేస్తుంది. ఢిల్లీలోనూ కొన్ని బడులు పేర్ల వరసను బట్టే పిల్లల్ని చిన్న చిన్న గుంపులుగా చేశాయి. అక్కడ పేద స్నేహితులు ఎవరికి దొరికారన్నది వాళ్ల పేరులోని మొదటి అక్షరమే తేల్చింది. కాకపోతే తెలుగునాట ఇందులో ఒక మెలిక ఉంది. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. దాని ప్రకారం వరస కడితే ఒకే ఇంటిపేరువాళ్లు, అంటే చాలా ఊళ్లలో ఒకే వీధి, ఒకే కులం పిల్లలు, మళ్లీ పక్కపక్కనే చేరతారు. పట్టీలో పేరు మాత్రమే చూసి వరస కట్టాలి. పనిలో పనిగా, మగపిల్లల పేర్లన్నీ అయ్యాక ఆడపిల్లల పేర్లు పిలిచే అలవాటుకీ స్వస్తి చెప్పొచ్చు. జీవో అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. జూన్ మొదటి వారంలో క్లాస్ టీచరు ఒక గంట కూర్చుంటే అయిపోయే పని.

వికలాంగ పిల్లల విషయంలో మనకు మంచి పేర్లున్న వ్యవస్థే ఉంది. సహిత విద్య అంటారు. మండల స్థాయిలో భవిత కేంద్రాలున్నాయి, ప్రత్యేక శిక్షణ పొందిన రిసోర్స్ టీచర్లున్నారు. 2016 నాటి చట్టం గుర్తించిన వైకల్యాలను 7 నుంచి 21కి పెంచింది. అసలు ఇబ్బంది గడప దగ్గర మొదలవుతుంది. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవున ర్యాంపు ఉండాలన్నది నియమం. చాలా బడుల్లో స్థలం చాలక దాన్ని జారుడుబండలా నిటారుగా కట్టేస్తారు. వీల్‌చైర్ పిల్లవాణ్ని ఇద్దరు దోస్తులు వెనక నుంచి తోసుకుంటూ ఎక్కిస్తారు, వాళ్లు రాని రోజు అతనూ రాడు. ఆటల పీరియడ్‌లో అతనికి ఇచ్చే ఉద్యోగం అందరి బ్యాగులకూ కాపలా. స్కోరు రాయడమో, అంపైరింగో ఇవ్వొచ్చని ఎవరికీ తట్టదు. ఇక సోడాబుడ్డి, నత్తోడు, పొట్టోడు, నల్లపిల్ల అన్న పిలుపులు పిల్లలు సొంతంగా కనిపెట్టినవి కావు. నత్తిని చూపి నవ్వించే హాస్యం దశాబ్దాలుగా మన సినిమాల్లో చప్పట్లు కొట్టించుకుంది. టీచర్ల గదిలో కూడా అవే పేర్లు నడుస్తాయి. "ఆ సోడాబుడ్డిగాణ్ని పిలువు" అని సారే అన్నాక పిల్లల్ని ఏం దిద్దుతాం?

యాస సంగతీ ఇంతే. శ్రీకాకుళం మాట, సీమ మాట, తెలంగాణ మాట, ఏది మాట్లాడే పిల్ల ఎక్కడికి బదిలీ అయి వెళ్లినా మొదటి నెల నవ్వులపాలే. కోయ, గోండు, సవర పిల్లలకైతే బడి భాషే పరాయిది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక పాఠాలు తయారు చేయించింది. ఇంట్లో అమ్మ మాట్లాడే మాట అచ్చులో చూసిన పిల్ల తరగతిలో నోరు తెరుస్తుంది. పక్కన కూర్చున్న తెలుగు పిల్లకు, తనకు రానిది ఆ పిల్లకు ఒకటి వచ్చునని తెలుస్తుంది. ఈ రెండో ప్రయోజనాన్ని మనవాళ్లు పెద్దగా లెక్కలోకి తీసుకోలేదు. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో బడిలో తమ బిడ్డ పేరు సరిగ్గా పలకలేదని బాధపడే తెలుగు తల్లిదండ్రులు, ఊళ్లో ఉన్న తమ బంధువుల పిల్లలు చదివే బడిలో ఒడిశా ఇటుక బట్టీ కూలీల పిల్లవాడి పేరును ఎలా పిలుస్తున్నారో ఒకసారి అడిగి చూడొచ్చు.

జట్టు కట్టించే పద్ధతులు మైదానంలోనే కాదు, పాఠంలోనూ ఉన్నాయి. అమెరికాలోని ఆస్టిన్ నగరంలో 1971లో తెల్ల, నల్ల, మెక్సికన్ పిల్లల్ని ఒకే బడుల్లోకి తెచ్చినప్పుడు రోజూ కొట్లాటలే. ఇలియట్ అరాన్సన్ అనే మనస్తత్వవేత్త పోటీని పక్కన పెట్టించి పాఠాన్ని ముక్కలు చేశారు. అయిదారుగురి గుంపులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క. తన ముక్క తానే నేర్చుకుని మిగతావాళ్లకు చెప్పాలి, పరీక్ష మాత్రం మొత్తం పాఠం మీద. నిన్నటిదాకా వెక్కిరించినవాడి నోటి నుంచే తనకు కావాల్సిన నాలుగో పేరా రావాలి. అతను తడబడితే నవ్వడం కాదు, ప్రశ్నలేసి రాబట్టుకోవాలి. ఎనిమిదో తరగతి సాంఘిక శాస్త్రంలో గోదావరి పాఠాన్ని ఇలా చెప్పడానికి ఏ సామగ్రీ అక్కర్లేదు. ఒక్కటే కావాలి: గుంపుల్ని టీచరే కట్టాలి. "మీకు నచ్చినవాళ్లతో కలవండి" అంటే ఎప్పుడూ మిగిలిపోయే ఇద్దరు మళ్లీ మిగిలిపోతారు.

తెలంగాణ ముందు ఇప్పుడు ఇంకా పెద్ద అవకాశం ఉంది. 1971లో పీవీ నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా సర్వేల్‌లో మొదలైన గురుకులంలో పల్లెల్లోని ప్రతిభగల పిల్లలంతా కలిసి చదివారు. తర్వాత ఎస్సీలకో సొసైటీ, ఎస్టీలకో సొసైటీ, బీసీలకో సొసైటీ, మైనారిటీలకో సొసైటీ ఏర్పడ్డాయి. ఆ బడులు చేసిన మేలు తక్కువదేం కాదు. మలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది సాంఘిక సంక్షేమ గురుకులాల నుంచే. బయటి బడిలో తలవంచుకుని నిలబడాల్సిన పిల్లలకు అక్కడ తలెత్తుకునే చోటు దొరికింది. దాన్ని తేలిగ్గా వదులుకోమని ఆ పిల్లల తల్లిదండ్రులకు ఎవరూ చెప్పలేరు. 2024లో ప్రభుత్వం ఈ నాలుగు రకాల పిల్లల్నీ ఒకే ప్రాంగణంలోకి తెచ్చే యంగ్ ఇండియా ఇంటిగ్రేటెడ్ రెసిడెన్షియల్ స్కూళ్లను ప్రకటించింది. ఒకే ప్రహరీ లోపల నాలుగు హాస్టళ్లు, నాలుగు మెస్సులు, నాలుగు బోర్డులు పెడితే ఒరిగేదేమీ ఉండదు. ఇంకా నష్టం. ఇప్పటిదాకా తమ చోటు అనుకున్నది పోయి, రోజూ పోల్చి చూసుకునే చోటు మిగులుతుంది. కాబట్టి అడగాల్సినవి చిన్న ప్రశ్నలే, తాపీ పని పూర్తి కాకముందే అడగాలి. డార్మిటరీలో పక్కపక్క మంచాలు ఏ లెక్కన ఇస్తారు? సెక్షన్లు మార్కులతో విడగొడతారా, పేర్లతోనా? కబడ్డీ జట్లు హాస్టల్ వారీగా ఆడతాయా, కలిపి ఆడతాయా? స్కాలర్‌షిప్ వివరాలు కావాల్సి వస్తే క్లాసులో అడుగుతారా, లేక ఆఫీసు గదిలో ఒక్కొక్కరి ఫైలు తీసి చూసుకుంటారా?